అద్దం మూగబోయిన వేళ

"నీ వదినని చంపాలి," అన్నాడు చీఫ్.

బ్యూరోలో అందరూ డేగ అని పిలిచే ఏజెంట్ కుర్చీలో కదల్లేదు. బల్ల మీద టేప్ తిరుగుతోంది. గ్లాసుల చప్పుడు, తలుపు అవతల 'డాక్టర్' అనే విదేశీ ముఠా నాయకుడి దగ్గు. ఆ వెంటనే నిశ్శబ్దం.

"విన్నావుగా? వాళ్ళు గదిలోకి రాగానే ఆమె ట్రాన్స్‌మిటర్ ఆగిపోతుంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలు. తర్వాత ఆమె చెప్పేది నిజమో కట్టుకథో ఎవరికి తెలుసు? డబుల్ ఏజెంట్‌గా పంపితే అటే అతుక్కుపోయింది."

"మా అన్నయ్యని చంపింది ఆ ముఠాయే సార్. వదిన అటు తిరగడమేంటి?"

"మనుషులు తిరుగుతారు. నువ్వు వెళ్తావా, ఇంకొకర్ని పంపనా?"

ఇంకొకరైతే ఆమెని నోరు తెరవనివ్వరు. "నేనే వెళ్తాను," అన్నాడు డేగ.

విషపు సూది దాచిన ఫౌంటెన్ పెన్ను తీసుకోవడానికి ల్యాబ్‌కి వెళ్ళాడు. వదినకిచ్చిన మేకప్ అద్దంలో ట్రాన్స్‌మిటర్ అమర్చింది అక్కడి ఇంజనీరమ్మే. ఊరికే అడిగినట్టు అడిగాడు.

"మేడమ్, ఆ అద్దం మధ్యమధ్యలో మూగబోతుందా?"

"ఛార్జింగ్ పెడితే మూగబోవాలి. నేనే అలా చేశాను. వైరు పిన్ను లోపలికి దూరగానే చిన్న రేకు పక్కకి జరుగుతుంది. బ్యాటరీకీ సర్క్యూట్‌కీ సంబంధం తెగిపోతుంది. పిన్ను పీకితే మళ్ళీ కలుస్తుంది. అలా తెగకపోతే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే, బ్యాటరీ ఎప్పటికీ నిండదు."

"చీఫ్‌కి తెలుసా ఈ సంగతి?"

"ఆయన అడగలేదు. అడగంది చెప్తే ఇక్కడ అతి అంటారు. ఏం, ఏమైంది?"

అక్కణ్ణుంచే చీఫ్‌కి ఫోన్ చేశాడు. సంగతి విని చీఫ్ అన్నాడు: "అయ్యుండొచ్చు. మరి సరిగ్గా వాళ్ళొచ్చినప్పుడే ఛార్జింగ్ ఎందుకు పెడుతోంది? వెళ్ళి తేల్చు. తేలకపోతే ఆర్డర్ ఆర్డరే."

మధ్యాహ్నానికి డేగ ఏసీ మెకానిక్ వేషంలో హోటల్ నాలుగో అంతస్తులో తలుపు తట్టాడు. తలుపు తీసింది ఆ హోటల్ గాయని. పచ్చ పట్టు గౌను, మెడలో ముత్యాలు, మోచేతి దాకా గ్లవ్స్. ఇంట్లో నలిగిన చీర కొంగుకి చేతులు తుడుచుకునే వదినని ఆమెలో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఏసీ నీళ్ళు కారుతోందా మేడమ్?"

"కారడం లేదు, ఏడుస్తోంది." కోడ్ సరిపోయింది. ఆమె తలుపు మూసింది. "ఇలా చిక్కిపోయావేంటి మరిదీ? వేళకి తింటున్నావా?"

ఆ ఒక్క మాటతో అతని అనుమానం తీరిపోయింది. అయినా, వాళ్ళొచ్చినప్పుడే అద్దానికి ఛార్జింగ్ ఎందుకని అడిగాడు. ఆమె నవ్వింది.

"వాళ్ళు డిటెక్టర్ పట్టుకొస్తారయ్యా. ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే అది కూస్తుంది. ఉన్నంతసేపూ దాన్ని ఆ బల్ల మీదే పెడతారు. అందుకే అడుగుల చప్పుడు వినగానే అద్దానికి వైరు తగిలిస్తాను. అది నోరు మూసుకుంటేనే నేను బతికేది." ఆమె చూపు అతని జేబు మీద ఆగింది. "ఏసీ మెకానిక్‌కి ఇంత ఖరీదైన పెన్నెందుకు?"

డేగ తల వంచుకున్నాడు. ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"పోన్లే," అంది మెల్లగా. "నిన్నే పంపారు. పరాయివాళ్ళని పంపలేదు."

"వచ్చెయ్ వదినా. ఇప్పుడే, ఇలాగే."

"ఇవాళ నగరం నీళ్ళలో విషం కలుపుతున్నారు. ఎక్కడో ఇంకా తెలీదు. డాక్టర్ నోటితోనే వినాలి. మీ అన్నయ్య సగంలో వదిలేసిపోయిన పని, నన్నూ సగంలో వదిలెయ్యమంటావా? కింద వ్యాన్‌లో కూర్చో. వాళ్ళు వెళ్ళగానే చెప్తాను."

వ్యాన్‌లో డేగ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. డాక్టర్ కారు వచ్చి ఆగింది. అనుకున్నట్టే అద్దం మూగబోయింది. ఎండలో వ్యాన్ రేకు కాలిపోతోంది. నిశ్శబ్దం ఆమె క్షేమానికి గుర్తని తెలిసినా, అతను దాన్ని భరించలేకపోయాడు.

ఉన్నట్టుండి చెవిలో టిక్కుమంది. వైరు పీకేసింది.

"అంటే ఈపాటికి క్లోరిన్ ట్యాంకర్ ఉత్తరం పంపింగ్ స్టేషన్ గేటు దాటేసిందన్నమాట! అందులో ఉన్నది క్లోరిన్ కాదన్నమాట! ఎంత తెలివి డాక్టర్!" ఆమె గొంతు. వెనక డిటెక్టర్ కూత.

"ఏమిటా చప్పుడు?"

"నీకు కాలం చెల్లిన చప్పుడు." ఆ వెంటనే గొంతు అద్దానికి దగ్గరగా వచ్చింది. "మరిదీ, పైకి రాకు. స్టేషన్‌కి వెళ్ళు."

తుపాకీ పేలింది.

డేగ చెయ్యి వ్యాన్ తలుపు మీదే ఉంది. నాలుగో అంతస్తు కిటికీ కేసి చూశాడు. పరుగెత్తితే ఒక్క నిమిషం. తలుపు వదిలేసి వ్యాన్ స్టార్ట్ చేశాడు.

అద్దం ఇంకా పనిచేస్తూనే ఉంది. బూట్ల చప్పుడు, కుర్చీ పడిన చప్పుడు, తిట్లు. వాటన్నిటి మధ్యా అతను ఒక్క ఊపిరి కోసం వెతుకుతూ వ్యాన్ నడిపాడు. వంతెన దాటాక రేంజ్ అయిపోయింది. మిగిలింది బుస్సుమనే మోత.

స్టేషన్‌లో అప్పటికే ట్యాంకర్ గొట్టం బిగించేశారు. ఆపరేటర్ యూనిఫామ్‌లో ఉన్న మనిషి వాల్వ్ చక్రం మీద చెయ్యి వేశాడు. డేగ దూకి అతన్ని సిమెంటు నేలకేసి కొట్టాడు. చక్రం అప్పుడే తిరగబోతోంది. తిరగలేదు.

చీకటి పడేలోపు డాక్టర్ విమానాశ్రయంలో పట్టుబడ్డాడు.

డేగ ఇంటికి వెళ్ళాడు. మొగుడు పోయిన ఏడాదికే హోటళ్ళలో పాడుతోందని కోడలితో మాట్లాడడం మానేసిన తల్లి పప్పులు ఏరుతోంది. వదిన ఎలా పోయిందన్న విషయంలో బ్యూరో చెప్పమన్న అబద్ధమే చెప్పాడు.

"వదిన పోయిందమ్మా. రోడ్డు ప్రమాదం."

తల్లి చేతులు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టి అంది: "దాని గొంతు బావుంటుందిట కదరా. నా ఎదుట ఒక్క పాటైనా పాడమనలేదు నేను."

కుళాయి తిప్పి, గ్లాసులో నీళ్ళు పట్టి ఇచ్చాడు. ఆమె తాగింది.

తర్వాత బ్యూరో ఒక ఉత్తర్వు జారీ చేసింది. ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే ద్రోహం అనుకునే ముందు అది ఛార్జింగ్‌లో ఉందేమో కనుక్కోవాలన్నది దాని సారాంశం. పైన 'అత్యంత రహస్యం' అని ముద్ర పడింది కాబట్టి, దాన్ని ఎవరికీ చూపించలేదు.