బండి మీద నాయిన పేరు

తెల్లారగానే రఘుపతి ట్రాలీ ఆటో అద్దం తుడుస్తున్నాడు. మెదక్ నుంచి నిజాంపేటకు ఒక టీచరమ్మ ఇల్లు మారుతోంది. బీరువా, మంచాలు, వంటసామాను ఎక్కించుకుని ఎండ ముదరకముందే చేర్చాలి. బండి తలుపు మీద ఇంకా తండ్రి నర్సింగం పేరే ఉంది. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

తల్లి ఐలవ్వ ఆ పేరును కొంగుతో తుడిచి, కొడుక్కి చాయ్ అందించింది. రోజూ చేసే పనే.

"అవ్వా, ఇయ్యాలన్న కాగితం మీద వేలిముద్ర వెయ్యి. బండి నా పేరు మీదికి మారాలె. పోయినోళ్ల పేరు మీద కిరాయికి తోలొద్దు."

ఐలవ్వ మొహం చిన్నబోయింది. "రేషన్ కార్డుల తీసేసిండ్రు. ఓటరు లిస్టుల తీసేసిండ్రు. కరెంటు బిల్లు మీద గూడ తీసేసిండ్రు. గీ ఒక్క బండి మీదన్న ఉండనియ్యి బిడ్డా. గిది గూడ పోతే మీ నాయిన యాడుంటడు?"

"రేపు బండి ఎవరికన్న తాకితే? బీమా కంపెనీ పైసలియ్యదు! పోయినోళ్ల కోసం ఉన్నోళ్లను ముంచుతవా?"

ఐలవ్వ చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"గట్లనా అవ్వతోని మాట్లాడేది?" అని కోడలు రజని కసిరింది. రఘుపతి వినిపించుకోకుండా బండి తీశాడు. కట్టుకున్నవాడి పేరు ఒక్కొక్క కాగితం మీద నుంచి చెరిగిపోతుంటే ఎట్లా ఉంటుందో, పాపం, అతనికేం తెలుసు!

మధ్యాహ్నం నర్సింగం ఫోన్ టింగుమంది. దాన్ని ఐలవ్వ ఇప్పటికీ ఛార్జింగ్ పెడుతూనే ఉంది. "ఏమొచ్చిందో చూడు," అని కోడలికిచ్చింది.

రజని చదివి నసిగింది. "చలానా అత్తా. చౌరస్తాల బండి అడ్డంగ పెట్టిండట. మామ పేరు మీదనే వచ్చింది."

"ఆయన పెట్టిండని రాసిండ్రా?"

"బండి ఎవరి పేరు మీదుంటే వాళ్లకే వస్తది."

ఐలవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. బతికినన్నాళ్లూ ఎవరి వాకిలికీ బండి అడ్డం పెట్టని మనిషి. ఆ పేరు కాపాడుతున్నాననుకుంది. తీరా చూస్తే, చెయ్యని తప్పుకు ఆయన మాట పడుతున్నాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

రజని ఫోన్‌లో చలానా సంగతి చెప్పడంతో, సాయంత్రం రఘుపతి తలవంచుకుని వచ్చాడు. "పొద్దున గట్ల అనకపోవాల్సింది అవ్వా. టీచరమ్మ సామాను దించుమని జల్దీ చేస్తే బండి గూడ నేనే అడ్డం పెట్టిన."

"కాగితం తే," అంది ఐలవ్వ. "మీ నాయినను ఇంక మాట పడనియ్య."

కొత్త ఆర్‌సీ కార్డు పోస్టులో వచ్చిన రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం రాసిండ్రు రజనీ?"

రజని వేలు పెట్టి చూపించింది. "ఓనరు రఘుపతి. కిందనే తండ్రి పేరు, నర్సింగం."

"ఉన్నదా?"

"ఉన్నది అత్తా. గిది ఎవ్వలూ తియ్యరు."

ఐలవ్వ కార్డును కళ్లకద్దుకుంది. కళ్లు తుడుచుకుంటూ, రఘుపతి స్టార్ట్ చేసిన బండి దగ్గరికి నడిచింది.

"పైలంగ తోలు బిడ్డా," అంది. "నీ పేరు ఎంబడి మీ నాయిన పేరున్నది."