కఫా గింజ గడప దాటకూడదు

"నా చేతులేమైనా పడిపోయాయా? నా ఇంటికొచ్చే అతిథికి కాఫీ గింజలు నేనే వేయిస్తాను," అని జెనెబెచ్ మళ్ళీ మొదలుపెట్టింది.

"పొగకి మీకు దగ్గొస్తుంది అత్తయ్యా. నేను కూర్చుంటాను."

"రాజధానిలో కస్టమ్స్ గుమాస్తావి. మెషిన్ కాఫీ తాగేదానికి పెనం గుర్తుందా?"

కాఫీ వేడుక కోసం నేల మీద పచ్చగడ్డి పరుస్తున్న ఆమె కొడుకు ములుగేత నవ్వాపుకున్నాడు. అతని భార్య వొయిన్షెత్ మాత్రం నవ్వకుండా పీట లాక్కుంది. ఆ పీట మీద నుంచి గదంతా కనిపిస్తుంది. ఆమె గుమాస్తా కాదు, గూఢచారి. తెల్లగౌను అంచులో కెమెరా, జడలో ఇయర్‌పీస్ ఉన్నాయి.

కల్నల్ గిజాచ్యూ బ్రీఫింగ్ చెవిలో ఇంకా మోగుతోంది.

"టార్గెట్ డాక్టర్ ఎమిల్. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. అతని చేతిలో పడ్డ వస్తువు మనం ముట్టుకోలేం. మన అడవిలో దొరికిన, నిద్ర చెడగొట్టని కాఫీ చెట్టు విత్తనాలు మీ ఇంట్లోనే చేతులు మారతాయి. అవి దేశం దాటితే పేటెంట్ వాళ్ళది."

"లోపలి మనిషి?"

"అతని దుబాసీ. నీ ఆడపడుచు త్సిగెరెడా."

"మనవైపేనా?"

"అని ఆమే అంటోంది."

వొయిన్షెత్‌కు కడుపు మండిపోతోంది. కాఫీ పుట్టింది ఈ కఫా అడవుల్లో. సముద్రం దాటి యెమెన్ చేరితే మోకా రేవు తన పేరు తగిలించింది. శాస్త్రజ్ఞులొచ్చి అరబికా అన్నారు. గింజ మొలవకుండా అక్కడి వర్తకులు కాచి అమ్మినా, ఓ ఫకీరు ఏడు గింజలు దాచుకుని ఇండియా కొండలకు చేర్చాడని చెప్పుకుంటారు. లోకమంతా తాగుతోంది. పుట్టింటి పేరు ఎవరికి కావాలి?

త్సిగెరెడా ఎర్ర గౌనులో, ఎత్తుమడమల చెప్పుల్లో దిగింది. ఆమె సెంటు ముందు సాంబ్రాణి ఓడిపోయింది. వెనకే ఎమిల్. అతనికివ్వడానికి ఆమె తెచ్చిన కానుకల బుట్టలో తేనె, మసాలాలు, ఓ గుడ్డసంచి ఉన్నాయి.

"వదినా, కోడలుగా బాగానే నటిస్తున్నావే!"

"నువ్వు కూతురిగా నటిస్తున్నావుగా."

విదేశీయుణ్ణి చూడ్డానికి ఇరుగుపొరుగు ఊడిపడ్డారు. గింజలు చాలలేదు.

"త్సిగే, ఆ సంచిలోవి పచ్చి గింజలేగా? ఇలా పడెయ్," అంది జెనెబెచ్.

"వద్దమ్మా! అవి కాదు!"

అందరూ త్సిగెరెడా వైపు తిరిగారు. పొయ్యి వెలిగించిన ఇంటికి గింజలు లేవనే మనిషి ఆ ఊళ్ళో పుట్టలేదు. అందులోనూ కన్నతల్లి అడిగితే!

ఆ విత్తనాలు సంచిలోనే ఉన్నాయని, ఆడపడుచు తమవైపు కాదని వొయిన్షెత్‌కు అర్థమైంది. సంచి చిక్కుల్లో పడిందని ఎమిల్‌కూ అర్థమైంది. "ఫ్లైట్‌కి టైమైంది," అంటూ బుట్ట పిడి కోసం చెయ్యి చాచాడు. అతని వేళ్ళు తగిలేలోపే వొయిన్షెత్ సంచి లాగేసింది. సాక్ష్యానికి గుప్పెడు గింజలు జేబులో వేసుకుని, మిగతావన్నీ కాలుతున్న పెనం మీద కుమ్మరించింది.

గింజలు చిటపటలాడాయి. ఎమిల్ ముఖం పాలిపోయింది.

కాసేపటికి ఆమె లేచి, పొగలు కక్కే పెనాన్ని ఆచారం ప్రకారం అతిథి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది.

"గట్టిగా పీల్చండి డాక్టర్. ఇవిక మొలవవు. మర్యాదకు లోటు రానివ్వను, తాగే వెళ్ళాలి."

గుమ్మం నిండా జనం. తాగకుండా లేస్తే అవమానం. అతను కూలబడ్డాడు.

చెవిలో కల్నల్: "గింజలు?"

"వేగిపోయాయి. గుప్పెడు దాచాను," అని పొయ్యి మీదికి వంగి గొణిగింది.

"ఎమిల్?"

"ఎదురుచూస్తున్నాడు. చక్కెర వేస్తాను లెండి."

ఎమిల్ కారు, ఇరుగుపొరుగు వెళ్ళిపోయాక త్సిగెరెడా గోడకు జారబడి ఏడ్చింది. "సొంతంగా ల్యాబ్ పెట్టిస్తామన్నారు వదినా."

"కాఫీ పేరు వాళ్ళే ఎత్తుకుపోయారు. విత్తనం మాత్రం నీ చేత మోయించారే! సిగ్గులేదూ?"

"ఏమిటే ఇదంతా? ఎవరే నువ్వు?" అని జెనెబెచ్ కోడల్ని నిలదీసింది. ములుగేత భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

వొయిన్షెత్ జడలోంచి ఇయర్‌పీస్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ప్రభుత్వపు గూఢచారిని అత్తయ్యా," అని నెమ్మదిగా చెప్పింది. "త్సిగెరెడాను ఇప్పుడు నేనే తీసుకెళ్తాను, కేసు పెట్టేదీ నేనే. రేపు పొద్దున్నే ములుగేతా, నువ్వు వెళ్ళి మంచి లాయర్ను చూడు. మన పిల్ల కదా."