పెళ్ళి ఫోటోల ఫోల్డర్

"మనవాడి ఫోటో నీ ఇంట్లోంచే పోతోంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ కాఫీ కప్పు టేబుల్ మీద పెట్టేశాడు. "నా ఇంట్లోంచా? జోకులొద్దు సార్."

"జోకులేసే మొహమేనా నాది?"

చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. డేగ ఇంటి ఇంటర్నెట్ నుంచి శత్రు ముఠాకి వెళ్తున్న మెసేజ్, మధ్యలో దొరికింది. 'పెళ్ళికొడుకు ఫోటో సాయంత్రం అయిదింటికి పంపిస్తాను.'

పెళ్ళికొడుకంటే 'దర్జీ'. ఆ ముఠాలోనే కొన్నేళ్ళుగా తిరుగుతున్న మన మనిషి. ఈ సాయంత్రం కొత్త మొహంతో, కొత్త పాస్‌పోర్ట్‌తో సరిహద్దు దాటి వచ్చేస్తున్నాడు. ఆ మొహం వాళ్ళకి తెలిసిందా, చెక్‌పోస్ట్ దగ్గరే కాల్చి పారేస్తారు.

"ఆ ఫోటో ఎక్కడ పెట్టావ్?"

డేగ నెత్తి గోక్కున్నాడు. ఆఫీసు ప్రింటర్ పాడైందని పాస్‌పోర్ట్ ఫోటో ఇంట్లోనే తయారుచేశాడు మహానుభావుడు! దేశ రహస్యాన్ని తీసుకెళ్ళి హాల్లో, ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో పెట్టాడు.

"పెళ్ళి ఫోటోల ఫోల్డర్‌లో దాచాను సార్. దాన్నెవరూ తెరవరు."

తను తెరవడు కాబట్టి ఇంకెవరూ తెరవరనుకున్నాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"నా భార్య. చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ పిన్ని కూతురు."

ఆ పిల్ల ఎయిర్ హోస్టెస్. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేనంత అందగత్తె. ఆమెని ఏజెంటుగా చేర్పించింది కూడా డేగే.

"ఆమె మన మనిషే సార్. అయినా గెస్ట్ అకౌంట్ లాక్ చేసే ఉంచాను. ఇంటర్నెట్ చూసుకోవచ్చు, పేకాట ఆడుకోవచ్చు. ఒక్క ఫైల్ తెరుచుకోదు."

"వెళ్ళి చూడు. మారువేషంలో."

అయిదు కావస్తుండగా నెరిసిన గడ్డం, ఇంటర్నెట్ కంపెనీ చొక్కా, టూల్ బ్యాగ్‌తో డేగ తన ఇంటి బెల్ తనే కొట్టాడు. జేబులో సిగ్నల్ జామర్ పెన్ను.

భార్య తలుపు తీసింది.

"లైన్ చెక్ చేయాలండీ."

"రండి. మా ఆయన ఊళ్ళో లేరు. ఉన్నా ఒకటే, ఇంటి సంగతులు ఆయనకి పట్టవు. ఇన్ష్యూరెన్స్ ఆఫీసు, ఎప్పుడూ టూర్లే."

అతని కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. గుర్తుపట్టలేదు. వేషం కుదిరినందుకు సంతోషించాలో, ఏడవాలో డేగకి తెలియలేదు.

హాల్లో కంప్యూటర్ ముందు మరదలు. స్క్రీన్ మీద పెళ్ళి ఫోటోలు, వాటి మధ్య దర్జీ. అది గెస్ట్ అకౌంట్ కాదు, అతని భార్య అకౌంట్! ఫైల్ తొంభై శాతం వెళ్ళిపోయింది.

డేగ పెన్ను నొక్కాడు. పనిచేయలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూ! సర్కారు కొన్న పెన్ను మరి! ఒక్క గెంతు గెంతి రౌటర్ వైరు పీకి పారేశాడు. తొంభై తొమ్మిది దగ్గర అప్‌లోడ్ ఆగిపోయింది.

మరదలు తీరిగ్గా తల తిప్పింది. "గడ్డం నప్పింది బావా."

బయట కాచుకున్న మనవాళ్ళు ఆమెని కారెక్కించేసరికి డేగ ఫోన్ మోగింది. 'చొక్కా కుట్టడం అయిపోయింది.' దర్జీ సరిహద్దు దాటాడు.

ప్రాణం కుదుటపడగానే డేగకి కోపం తన్నుకొచ్చింది. "గెస్ట్ అకౌంట్ ఉండగా నీ పాస్‌వర్డ్ ఎందుకిచ్చావ్?"

"ఇంటికొచ్చిన పిల్లని పరాయిదానిలా చూడమంటారా? ఎవరొచ్చినా నాదే ఇస్తాను." భార్య పీకేసిన వైరు చేతిలోకి తీసుకుంది. "మన పెళ్ళి ఫోటోలు చూస్తానంది. ఇన్నేళ్ళలో అలా అడిగింది అదొక్కతే. సంబరపడిపోయాను."

ఊడొచ్చిన గడ్డం కేసి చూసింది. "దాని సంగతి సరే. మీరెవరు?"

చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆ రాత్రే ఇంకో మిషన్ మీద వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక, ఎందుకో, తనకీ ఆ ఫోటోలు చూడాలనిపించింది. కంప్యూటర్ తెరిస్తే తన అకౌంట్ లేదు.

"నాదేదీ?"

"అది ఇన్ష్యూరెన్స్ ఆఫీసులో పనిచేసే మా ఆయనది," అంది భార్య, చేతిలో బట్టలు మడతపెడుతూనే. "మీరెవరో నాకు తెలీదు."

డేగ గెస్ట్ మీద నొక్కాడు. పెళ్ళి ఫోటోల ఫోల్డర్ తెరవబోయాడు. 'ఈ ఫైల్ చూడటానికి మీకు అనుమతి లేదు.' లాక్ భేషుగ్గా పనిచేస్తోంది.

ఆ ఇంట్లో ఆ అకౌంట్ వాడిన మొట్టమొదటి మనిషి అతనే. చేసేదేం లేక పేకాట మొదలుపెట్టాడు.