కంపాల ముసురు, కాఫీ కప్పు

జెద్దా ఆఫీసులో ఫోను మోగినప్పుడు ఏజెంట్ ముస్లిహ్ నోటినిండా పుచ్చగింజలు ఉన్నాయి. ఆ గింజల పటపటలో "ప్రకంపనలు" అన్న మాట అతనికి "పంపకాలు" అని వినబడింది.

అవతల మాట్లాడుతున్నది ఉమ్ జమ్ర పోలీసు ఠాణా. ఉత్తరాన, నల్లటి లావా రాళ్ళ మైదానం అంచున ఉన్న ఊరది. ఇక్కడ ప్రకంపనలు మొదలయ్యాయనీ, రోజురోజుకీ ఎక్కువవుతున్నాయనీ, ఎవరినైనా పంపమనీ హవల్దారు మొత్తుకున్నాడు. ముస్లిహ్ శ్రద్ధగా "ఆస్తి పంపకాల తగాదా" అని రాసుకున్నాడు. ఆఫీసు కూడా అంతే శ్రద్ధగా కోర్టు అమీనును టేపుతో సహా పంపించింది. అమీను రెండో రోజున ఒళ్ళంతా దుమ్ముతో తిరిగొచ్చి, అక్కడ మనుషులెవరూ ఏమీ పంచుకోవడం లేదనీ, నేలే తనంతట తాను రెండు వాటాలు వేసుకుంటోందనీ రిపోర్టు ఇచ్చాడు.

కర్నల్ షబీబ్ స్టాఫునంతా పిలిచి, ఏ మాట ఏ మాటగా వినబడిందో వివరించి, ఇకమీదట డ్యూటీలో గింజలు నిషేధమని ప్రకటించారు. ముస్లిహ్‌ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. పొరపాటు వల్ల పోయింది రెండు రోజులే, కానీ ఆ రెండు రోజులూ చెప్పులో రాయిలా అతని వెంట నడిచాయి.

బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది.

"ముగ్గురు విదేశీయులు," అన్నారు కర్నల్. "పదిహేడు రోజులుగా అక్కడే మకాం. బోర్డు మీద జియాలజీ. బోర్డు వెనక డైనమైట్."

"భూకంపాలు వాళ్ళవేనా సార్?"

"అదే నువ్వు తేల్చాలి. ఊరు బెదిరి ఖాళీ అయితే కొండ మీది రిలే స్టేషన్ ఒంటరిదవుతుంది. అందులో మన రహస్య సందేశాల సైఫర్ మెషీన్ ఉంది. వాళ్ళకి కావలసింది అది."

"వాళ్ళకి అన్నం పెడుతున్నది ఎవరు?"

"దైఫుల్లా అని ఊరి పెద్ద. ముసలాయన. పదిహేడు రోజులు ఊరికే ఎవడు మేపుతాడు? వాళ్ళ మనిషేనేమో చూడు."

గాడ్జెట్లు ఇచ్చారు. తేనె డబ్బాలో ట్రాన్స్‌మిటర్, కొంగు పిన్నంత మైక్రోఫోను, చేతి గడియారంలో కెమెరా. ఆ గడియారంలో ఫిల్ము ఉంది, ఫ్లాష్ ఉంది, టైము మాత్రం లేదు. వేషం తేనె వ్యాపారి. పేరు సాలిమ్. కుట్రను పట్టడానికి వెళ్ళేవాడికి కుట్టే ఈగల బేరం కుదిరింది.

ఉమ్ జమ్రలో జీపు దిగగానే అతన్ని ఆపింది పోలీసులు కాదు, దైఫుల్లా మేనల్లుళ్ళు. ఆరుగురూ ఆరు బీరువాల్లా ఉన్నారు. కొత్తమనిషి హోటల్లో దిగడమేమిటని ఇంటికి మోసుకుపోయినంత పని చేశారు. దైఫుల్లా డెబ్బై ఏళ్ళ బక్కపలచని మనిషి. పసుపుపచ్చటి ఏలకుల కాఫీ పోసి, ఖర్జూరాలు ముందుకు తోసి, ఎండ గురించీ ఒంటెల గురించీ మాట్లాడాడు. పేరడగలేదు. పని అడగలేదు. అతిథిని మూడు పగళ్ళు దాటేదాకా ఎవరని అడగడం అక్కడ పరువు తక్కువ పని.

గూఢచారికి ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది? ముస్లిహ్ కంఠతా పట్టిన తేనెపట్ల పురాణమంతా నోట్లోనే ఉండిపోయింది. అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్తే అడిగే దిక్కు లేదు.

భోజనానికి పళ్ళెం నిండా అన్నం మీద మేకపిల్ల వచ్చింది. అదే పళ్ళెం చుట్టూ ఆ ముగ్గురు విదేశీయులూ కూర్చున్నారు. పెద్దవాడిని ప్రొఫెసర్ ఎర్విన్ అంటున్నారు. మిగతా ఇద్దరూ అసిస్టెంట్లు, తినడంలో అసిస్టెన్సు అక్కర్లేని వాళ్ళు. లావా వచ్చే లోపలే ఈ ఇంట్లో ముగ్గురూ లావయ్యారు.

చేతులు కడుక్కునే సందడిలో ముస్లిహ్ మైక్రోఫోనును కాఫీ పొయ్యి గట్టు కింద అతికించాడు.

మర్నాడు ఇంటి వెనక జీపులో కూర్చుని ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని విన్నాడు. దైఫుల్లా ముఠా మనిషి అయితే ముఠా మాటలు దొరకాలి కదా. దొరికినవి వేరే. దైఫుల్లా భార్య ఉమ్ గానిమ్ అంటోంది, ఆ విదేశీయులు మూడో పగలు ముగియగానే సామాను సర్దుకుని వాగు దాకా పోతారనీ, మర్నాడు కొత్త చుట్టాల్లా తిరిగొస్తారనీ, అలా ఇది ఆరోసారనీ. మళ్ళీ మొదటి రోజే కాబట్టి మళ్ళీ అడగకూడదు. అడగకూడదు కాబట్టి అన్నం పెట్టాలి. కుమ్మక్కు కాదు, మర్యాద. డైనమైట్ ముఠా మర్యాదకే సొరంగం తవ్వింది.

ఆ తర్వాత ఆమె గొంతు తగ్గించింది. పాలిచ్చే మేక ఒక్కటే మిగిలిందని చెప్పింది.

"కోసెయ్," అన్నాడు ముసలాయన. "ఆ తేనె అబ్బాయి నిన్న సరిగ్గా తినలేదు. మొహమాటస్థుడు."

"మనవరాలికి పాలు?"

"ఒంటెపాలు అలవాటు చేద్దాం."

ముస్లిహ్ ఇయర్‌ఫోను తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఉద్యోగం. బావినీళ్ళు వారం నుంచి వేడెక్కాయనీ, టీకి కట్టెలు కలిసొస్తున్నాయనీ, ఒంటెలు మాత్రం ఆ నీళ్ళు ముట్టడం లేదనీ ఆమె అంటుంటే, నోటుబుక్కులో "ఇంటి కబుర్లు, అనవసరం" అని రాశాడు. మధ్యాహ్నం ఆ మేకను తిన్నాడు. వద్దంటే ఎందుకని అడగరు గానీ బాధపడతారు. బాధపెట్టడం ఇష్టంలేక తిన్నానని తనకి తాను చెప్పుకున్నాడు. చాలా రుచిగా ఉంది. అదే మరీ కష్టమనిపించింది.

సాయంత్రం ఎండ తగ్గకముందే అతనికి కావలసిన సాక్ష్యం దొరికింది. పాడుబడ్డ బావిలో ప్రొఫెసర్ డైనమైట్ గొట్టాలు దించుతుంటే గడియారం పన్నెండు ఫోటోలు తీసింది. కాసేపటికి కాళ్ళ కింద నేల గుభేలుమంది. ఊళ్ళో కుక్కలన్నీ అరిచాయి. ప్రొఫెసర్ చేతులు దులుపుకున్నాడు. ముస్లిహ్ తేనె డబ్బా మూత తిప్పి జెద్దాకు చెప్పాడు: ప్రకంపనలు నకిలీ. జనాన్ని కదలనివ్వకండి.

ఈసారి మాట స్పష్టంగా వినబడింది. గంటలో మునిసిపాలిటీ వ్యాను వీధులన్నీ తిరిగింది. భయం లేదు, పుకార్లు నమ్మకండి, ఇళ్ళలోనే ఉండండి. మూటలు కట్టుకున్నవాళ్ళు మూటలు విప్పారు. బస్సెక్కినవాళ్ళు దిగొచ్చారు. రెండు వేల మంది.

మూడో రోజు పొద్దున్న నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఆడమనిషి ముస్లిహ్ జీపు దగ్గరికి వచ్చింది. పైన వేసుకున్న అబాయా కుట్టు బేరూతుది, గోళ్ళరంగు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ముఠా జీతమిచ్చి తెచ్చుకున్న భూకంప నిపుణురాలు, డాక్టర్ జుమానా.

"ఈ ఏడు తేనె పలచన," అంది.

కోడ్ వర్డ్ అది. జవాబు చెప్పడానికి అతనికి ఒక క్షణం పట్టింది, ఎందుకంటే మనవాళ్ళ మనిషి ఒకరు ముఠాలో ఉన్నారని చెప్పారు గానీ, ఇంత సెంటు పూసుకుని ఉంటారని చెప్పలేదు.

"ఎండ ఎక్కువ," అన్నాడు.

"నకిలీ అని రిపోర్టు పంపింది నువ్వేనా?"

"ఫోటోలతో సహా."

ఆమె కళ్ళద్దాలు తీసింది. కింద కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "ఎర్విన్ రోజుకు ఆరు పేలుస్తాడు. నా మెషీను నిన్న రెండు వందల తొంభై కుదుపులు లెక్కపెట్టింది. ఆరు తీసెయ్. మిగతావి ఎవరివి?"

ముస్లిహ్ గడియారం కెమెరా వైపు చూసుకున్నాడు.

"ఎవరివీ కావు. భూమివి. మొదట ఎనిమిది కిలోమీటర్ల లోతున వచ్చేవి, నిన్న రెండు కిలోమీటర్లలోనే. లావా పైకి వస్తోంది. ఎర్విన్ తన పేలుళ్ళకే ఇంత గొప్ప ఫలితం వస్తోందని మురిసిపోతున్నాడు. నువ్వు కూడా అతన్నే నమ్మావు."

బావినీళ్ళు, కట్టెలు, ఒంటెలు. అన్నీ అతని చెవిలోనే పడ్డాయి. అతని దస్తూరీలోనే అనవసరమైపోయాయి.

తేనె డబ్బాలో కర్నల్ గొంతు చిరాకుగా వినబడింది. నిన్న నకిలీ అన్నవాడివి ఇవాళ అసలంటే ఎలా, కమిటీ వేస్తాం, రేపు ఉదయం తెలియజేస్తాం. ఊరు ఖాళీ అయితే ముఠా గెలిచినట్టేనని గుర్తుచేశారు కూడా. నిజమే. ఖాళీ చేయిస్తే సైఫర్ మెషీన్ పోతుంది. చేయించకపోతే మనుషులు పోతారు. మెషీన్లకి మనవరాళ్ళు ఉండరు.

అతను తిన్నగా దైఫుల్లా కాఫీ పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ముసలాయన చిన్న కప్పులో కాఫీ పోసి ఇచ్చాడు. ముస్లిహ్ అందుకుని, తాగకుండా, ముందు నేల మీద పెట్టాడు.

గదిలో మేనల్లుళ్ళ మాటలు ఆగిపోయాయి. పోసిన కప్పు తాగకుండా కింద పెట్టినవాడికి అడగవలసింది ఏదో ఉన్నట్టు. అది ఇస్తామనేదాకా అతను తాగడు. అతను తాగేదాకా ఇంటి పరువు ఆ కప్పులో తేలుతూ ఉంటుంది.

"ఇచ్చాను," అన్నాడు దైఫుల్లా, ఏమిటో వినకుండానే. "తాగు నాయనా."

"ఊరు ఖాళీ చేయించండి బాబాయ్. ఇవాళే. మధ్యాహ్నం నమాజు కాగానే."

ముసలాయన పొయ్యిలో నిప్పులు ఎగదోశాడు. "ప్రభుత్వం కదలొద్దంటోంది. నువ్వు తేనె అమ్ముకునేవాడివి."

ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ముస్లిహ్ అంతా చెప్పేసేవాడే. కానీ మూడో పగలు ఇంకా ముగియలేదు. ముసలాయన అడగలేదు. అడగలేదు కదా అని ముస్లిహ్ చెప్పలేదు. కాఫీ తాగేశాడు.

దైఫుల్లా మసీదు మెట్ల మీద నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. ఎందుకని ఎవరో అడిగితే మాటిచ్చానన్నాడు. అంతే. వ్యాను మాట వినబట్టి మూటలు విప్పినవాళ్ళు, ముసలాయన మాట విని మళ్ళీ కట్టారు. పికప్పుల్లో పరుపులు, పరుపుల మీద పిల్లలు, పిల్లల ఒళ్ళో కోళ్ళు. ఊరి నుంచి బయటికి ఒకే రోడ్డు, దాని మీద ఒకే కల్వర్టు.

జుమానా ముస్లిహ్ పక్కకి వచ్చి గొణిగింది. కల్వర్టు కింద కూడా గొట్టాలున్నాయి. జనం దాటాక పేల్చేసి, పోలీసులు వెనక్కి రాకుండా చెయ్యడం వాళ్ళ ప్లాను. రిమోటు ఎర్విన్ జేబులో ఉంది.

ప్రొఫెసర్ దైఫుల్లా ఇంటి గేటు దగ్గర చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. తాము సైన్సు కోసం ఇక్కడే ఉండిపోతామని, తమ గురించి బెంగ వద్దని దైఫుల్లాతో చెప్పాడు.

ఇన్ని రోజుల ప్లానులో ముఠా వెయ్యని లెక్క ఒకటుంది.

"అతిథిని నిప్పుల్లో వదిలి ముసలాడు పారిపోయాడని రేపు నా మనవలు వినాలా?" అన్నాడు దైఫుల్లా. "ముందు మీరు ఎక్కండి. తర్వాత నేను."

ప్రొఫెసర్ వాదించాడు. దైఫుల్లా తలూపాడు. మేనల్లుళ్ళు అసిస్టెంట్లిద్దరినీ ఎంతో గౌరవంగా గాల్లోకి లేపి, రెండు గొర్రెల మధ్య ఒకరు చొప్పున పికప్పులో సర్దారు. దుప్పటి కప్పారు. జారిపోకుండా తాడు కూడా కట్టారు. అంత మర్యాదని తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ప్రొఫెసర్ చిరునవ్వు మాయమైంది. రెండడుగులు వెనక్కి వేసి కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. అందులో రిమోటు. కిందనున్న రోడ్డు మీద, సరిగ్గా కల్వర్టు పైన, పిల్లలతో నిండిన మూడు పికప్పులు ఒంటెకి దారి ఇవ్వడం కోసం ఆగి ఉన్నాయి. ప్రొఫెసర్ చేతిలోది ఏ వస్తువో దైఫుల్లాకి తెలియదు. ముస్లిహ్‌కి తుపాకీ తీసే వ్యవధి లేదు. ఉన్నా, గొర్రెలకు తగులుతుంది.

"బాబాయ్," అన్నాడు ముస్లిహ్. "ప్రొఫెసర్‌గారికి ప్రయాణం కాఫీ ఇవ్వలేదు."

ముసలాయన సిగ్గుపడ్డాడు. ఫ్లాస్కు వంచి కప్పు నింపి చెయ్యి చాచాడు. ఆ ఇంట్లో ఎడమచేత్తో కప్పు అందుకోవడమంటే ఇంటివాడి మొహాన ఉమ్మినట్టు. రోజుకు పాతిక కప్పుల చొప్పున ఇన్ని రోజులు తాగిన కుడిచెయ్యి ప్రొఫెసర్‌ది. బుర్ర ఇంకా మీట నొక్కాలనే అనుకుంటోంది, చెయ్యి మాత్రం రిమోటును ఎడమకి మార్చి కప్పు కోసం కదిలింది.

ఎడమపక్కన జుమానా ఉంది. ఎర్రటి గోళ్ళు రిమోటును లాక్కుని బ్యాటరీని ఊడబెరికాయి. ప్రొఫెసర్ కప్పు అందుకుని, ఏమైందో అర్థమయ్యేసరికి సగం తాగేశాడు. మేనల్లుళ్ళు మూడో గొర్రెని పక్కకి జరిపారు.

సాయంత్రం నాలుగున్నరకు, ఆఖరి పికప్పు కొండ మలుపు దాటిన గంటకి, ఉమ్ జమ్ర తూర్పు వీధి పొడవునా నేల విచ్చుకుంది. మనిషి దిగబడేంత వెడల్పు. అందులోంచి గంధకపు పొగ లేచింది. దైఫుల్లా ఇంటి బావి ఎటు పోయిందో తెలియలేదు. రిలే స్టేషన్ గోడకి బీట కూడా పడలేదు. కర్నల్ కమిటీ ఇంకా మొదటి టీ తాగుతోంది.

పక్క ఊరి స్కూలు ఆవరణలో జనం గుంపులుగా కూర్చున్నారు. ఇంత జరిగిందేమిటో ఎవరికీ అర్థం కాలేదు. పోలీసులు మర్యాదస్థులైన జియాలజిస్టులకి బేడీలెందుకు వేశారు? వ్యాను ఉండమంటే ముసలాయన లేవమనడమేమిటి? తేనె అబ్బాయి మొహం అలా పాలిపోయిందేం?

ముస్లిహ్ లేచి నిలబడి అంతా చెప్పాడు. ఏవి ముఠా పేలుళ్ళో, ఏవి నేల కదలికలో, రెండూ ఎలా కలిసిపోయాయో. తన పేరు సాలిమ్ కాదనీ, తనకి తేనె గురించి తియ్యగా ఉంటుందన్నది తప్ప ఏమీ తెలియదనీ. ఇళ్ళలోనే ఉండమన్న ఆ వ్యాను గొంతు తన రిపోర్టుదేననీ. ఇంకా ఒక్క రోజు ఆలస్యమైతే ఆ తూర్పు వీధిలో ఎవరెవరు ఉండేవారో పేర్లు చెప్పబోయి ఆగిపోయాడు. చివరగా దైఫుల్లా వైపు చూడకుండా, పొయ్యి గట్టు కింద మైక్రోఫోను సంగతి చెప్పాడు.

జనం ముసలాయన వైపు చూశారు. ముసలాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఉమ్ గానిమ్ మాత్రం లేచి దగ్గరికి వచ్చింది. మనవరాలు ఆమె చంకలో ఉంది.

"ఇంట్లో మేం అనుకున్నవన్నీ విన్నావా?"

"విన్నాను పిన్నీ."

"మేక సంగతి కూడా?"

"విన్నాను."

ఆమె అతన్ని తేరిపార చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"విని కూడా తిన్నావా?"

ఒకప్పుడు పరాయి దేశపు జైల్లో పదకొండు రోజులు ఏం చేసినా నోరు విప్పని మనిషి ముస్లిహ్. మూడే మూడు మాటలకి తల దించుకుని ఒప్పేసుకున్నాడు.