పలక మీద నలభై గీతలు

“ఈ పసుపు చేపని పెద్ద తొట్టిలో వేసిందెవరు?”

భర్త అరుపు వినగానే ఆమె పెద్ద తొట్టి దగ్గరికి పరుగెత్తింది! నాలుగు రోజుల జ్వరం తరువాత ఆ ఉదయమే మేడ దిగి షాపులోకి వచ్చింది. ఆయన కూడా సరుకు కోసం రేవుకి వెళ్ళి వారం తరువాత అప్పుడే తిరిగొచ్చాడు, భుజం మీది సంచైనా దించలేదు. షాపు మధ్యలో గోడంత పొడుగున్న తొట్టి... అందులో మామగారు పాతికేళ్ళుగా పెంచుకున్న పగడాలు, తొమ్మిది చేపలు. వాటిలో అందరూ ‘పెద్దమనిషి’ అని పిలిచే నీలి చారల చేప వయసు పదహారేళ్ళు! ఆ తొమ్మిదింటి మధ్య పదోది, అక్కడ ఉండకూడనిది, నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. దాని రెక్కల మీద, ఎవరో బంగారు పొడి చల్లినట్టు, సన్నటి నలుసులు...

ఆ పొడి ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక చేప మీద పైకి కనిపించిందంటే నాలుగు రోజుల్లో తొట్టంతా ఊడ్చేసే జబ్బు అది!

సముద్రపు చేపల వ్యాపారంలో చిక్కంతా ఇక్కడే ఉంది. మిగతా దుకాణాల్లో సరుకు పాడైతే పారేస్తారు, చేతులు దులుపుకుంటారు. ఈ సరుకు చచ్చేదాకా కళ్ళలోకి చూస్తుంది. అందుకే కొత్త చేప వస్తే దాని సంచిని ముందు నీళ్ళ మీద తేలనిచ్చి వేడి సరిచెయ్యాలి. ఉప్పు కొలవాలి. సన్నటి గొట్టానికి ముడివేసి, చుక్క చుక్కగా మన నీళ్ళు దానికి అలవాటు చెయ్యాలి. సంచిలో వచ్చిన నీళ్ళు మన తొట్టిలో ఒక్క గరిటెడు కూడా పడకూడదు. ఆ తరువాత వెనక గదిలో, ఇసుకా రాళ్ళూ లేని ఉత్త గాజు తొట్టిలో, నలభై రోజులు ఒంటరిగా ఉంచాలి. మొదటి రెండు వారాలు తిండికి అలవాటు, ఆ తరువాత రాగి మందు. రోజుకో గీత పలక మీద. నలభయ్యో గీత పడందే ఎంత అందమైన చేపైనా బయటికి రావడానికి వీల్లేదు!

ఈ లెక్క పెట్టింది మామగారే. కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె చెయ్యి పట్టుకుని గొట్టానికి ముడివెయ్యడం నేర్పిందీ ఆయనే. పదకొండేళ్ళుగా ఆ వెనక గది ఆమెది. “మా కాంపౌండరమ్మ చేపలకి జ్వరం చూసి, నాడి పట్టుకుని, ఆ తరువాత మనకి అన్నం పెడుతుంది” అని అత్తగారు ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఆమె గబగబా వెనక గదిలోకి వెళ్ళింది. ఉత్త తొట్టి ఖాళీగా ఉంది. పక్కన మేకుకి పలక. దాని మీద తను గీసిన పదకొండు నిలువు గీతలు, తిన్నగా, ఒకే ఎత్తులో. వాటి తరువాత... వంకరగా, వణుకుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ ఇంకో ఇరవై తొమ్మిది గీతలు! వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. సరిగ్గా నలభై!

అయ్యో మామయ్యా! గీత గీసిన సంగతి మరిచిపోయి మళ్ళీ గీశారా... గదిలోకి వచ్చినప్పుడల్లా ఒక రోజు గడిచిందనుకున్నారా... నలభై కాగానే లెక్క సరిపోయిందని, ఎంతో పద్ధతిగా, చేపని మార్చేశారా!

పోయిన నెలలో ఆయన మంచినీళ్ళ బకెట్టు తెచ్చి ఉప్పునీళ్ళ తొట్టిలో కుమ్మరించబోయాడు. అప్పుడు ఆమె భర్త చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది. “ఇంకొక్క పొరపాటు జరిగిందంటే నాన్నని షాపులోకి రానివ్వను. మేడమీదే కూర్చోబెడతాను, అంతే!” మేడమీద ఏముంది? ఒక మంచం, ఒక గోడ. పొద్దున లేస్తే పెద్ద తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నప్పుడే ఆ మనిషికి తన పేరు, తన ఊరు గుర్తుంటున్నాయి. ఆ కుర్చీ కూడా తీసేస్తే...

వెనక అడుగుల చప్పుడు. ఆమె చీర కొంగుతో పలకని ఒక్క తుడుపు తుడిచేసింది.

“నేనేనండీ” అంది, తలెత్తకుండా. “జ్వరం రాకముందు... లెక్క తప్పాను.”

భర్త నివ్వెరపోయాడు. “నువ్వా? పదకొండేళ్ళలో ఒక్క రోజు తప్పని దానివి!”

“తప్పాను... ఏం చెయ్యమంటారు?”

“ఏం చెయ్యమంటావా! మందు అందులో పొయ్యలేం, పగడాలు చస్తాయి. చేపల్ని పడదామంటే రాళ్ళ సందుల్లో దూరతాయి. నాన్న బతుకంతా ఆ తొట్టిలో ఉంది, తెలుసా నీకు?”

తెలుసు... తెలియడమే కదా ఆమె కర్మ!

ఆ రోజంతా ఇద్దరూ నీళ్ళు తోడి, రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి, వలలతో చేపల్ని పట్టి మందు తొట్టిలో వేశారు. ఆ సాయంత్రానికి పసుపు చేప పోయింది. మర్నాడు నాలుగు. ఆ మర్నాడు మూడు. ఆమె చెయ్యగలిగిందల్లా గాలి గొట్టాలు పెంచడం, దీపాలు ఆర్పడం, గంటగంటకీ వచ్చి చూడటం. చూడటం తప్ప ఏముంది చేతిలో! నాలుగో రోజు మధ్యాహ్నం ‘పెద్దమనిషి’ ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి దాన్ని నిటారుగా పట్టుకుంది. దాని మొప్పలు కొట్టుకున్నాయి... కొట్టుకున్నాయి... ఆమె అరచేతిలోనే ఆగిపోయాయి. పదింటిలో మందు తొట్టిలో మిగిలింది ఒక్కటే, ఎవరూ పేరైనా పెట్టని చిన్న గోధుమరంగు చేప.

“రేపటినుంచి వెనక గదిలో అడుగుపెట్టకు” అన్నాడు భర్త. కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది! “వేరే మనిషిని పెడుతున్నాను.”

రెండు రోజులు గడిచాయి. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతుంటే అత్తగారు మామగారి చొక్కా పట్టుకుని వచ్చింది.

“ఇది చూడవే.”

చొక్కా ఎడమ చెయ్యి ఉప్పునీళ్ళకి భుజందాకా అట్టకట్టి, ఉప్పు తెల్లగా పొట్టు రాలుతోంది. జేబులో సుద్దముక్క.

“మీ మామయ్య మంచం కింద కుక్కారు. ఇప్పుడు దొరికింది.” అత్తగారు సుద్దముక్క తీసి కోడలి ముందు పెట్టింది. “నీకు జ్వరం వచ్చినప్పుడు రోజుకి పదిసార్లు ‘గీత గియ్యాలి, గీత గియ్యాలి’ అంటూ మెట్లు దిగేవారు. చాదస్తం అనుకున్నాను... ఆ చేపని మార్చింది నువ్వు కాదు కదూ?”

గిన్నె మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

“ఎన్నెన్ని మాటలన్నానే నిన్ను! ఇంటికి అరిష్టం తెచ్చావన్నాను... నోరు పడిపోను! పద, ఇప్పుడే వాడితో చెప్తాను.”

“వద్దత్తయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటాను.” తడిచేతులతోనే అత్తగారి మణికట్టు పట్టుకుంది. “చెబితే మామయ్యని కిందికి రానివ్వరు. నేను వంటింట్లోనైనా బతుకుతాను. ఆయన ఆ గోడని చూస్తూ ఎన్నాళ్ళుంటారు?”

“మరి నీ సంగతి?”

“నా లెక్క నేను చూసుకుంటాను...”

ఇద్దరూ కిందికి దిగారు. పెద్ద తొట్టిలో దీపం వెలుగుతోంది, పగడాలు ఊగుతున్నాయి, కదిలే ప్రాణి ఒక్కటీ లేదు. మామగారు కుర్చీలో కూర్చుని ఆ ఖాళీ నీళ్ళనే చూస్తున్నాడు. కోడలిని చూడగానే మొహం చిట్లించాడు.

“ఏం తల్లీ, నలభై రోజులు ఉంచాలని నేర్పానా లేదా?”

“నేర్పారు మామయ్యా.”

“మరి?”

“తొందరపడ్డాను.”

“తొందర పనికిరాదమ్మా ఈ పనిలో! పలక ఎందుకు పెట్టాను? గీతలు లెక్కపెట్టుకోవడానికేగా?”

కౌంటరు దగ్గర భర్త తల తిప్పుకున్నాడు. అత్తగారు ఏదో అనబోయి, కోడలి మొహం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

కోడలి కళ్ళలో నీళ్ళు చూసి ముసలాయన మెత్తబడ్డాడు. లేచి, తడుముకుంటూ వచ్చి, ఆమె తల మీద చెయ్యి వేశాడు. “ఏడవకు. కొత్తగా వచ్చినదానివి, నిన్నగాక మొన్న నేర్చుకున్నావు. నేర్చుకునే రోజుల్లో నేనూ చంపాను. అబ్బాయి ఏమైనా అంటే నాతో చెప్పు, సరేనా?”

“సరే మామయ్యా...”

“ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి దీన్ని?”

“ఆరు వారాలు. నీళ్ళలో ఉన్న జబ్బు చచ్చేదాకా.”

“అయితే కనిపెట్టుకుని ఉండాలి” అని ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అత్తగారు గోడ పక్కనున్న ముక్కాలిపీట లాక్కొచ్చి ఆయన పక్కన వేసుకుంది. చేపల కంపు అంటూ పెళ్ళయినప్పటినుంచీ ఆ షాపులో ఒక్క పూటైనా కూర్చోని మనిషి!

“నువ్వెందుకిక్కడ?” అన్నాడాయన.

“ఇంకెక్కడికి పోను? ఇక రోజూ ఇక్కడే” అంది. అని కోడలి వైపు తిరిగింది. “నువ్వు పైకెళ్ళి కాస్త పడుకో తల్లీ. ఇక్కడ నేనుంటాను.”

పదకొండేళ్ళలో ఆ నోట ‘తల్లీ’ అన్న మాట ఆమె వినడం అదే మొదలు. ఆమె మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఆగి, కిందికి చూసింది. ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కన కూర్చుని, ఏమీ లేని నీళ్ళని చూస్తున్నారు.