కుప్పంలో మెరీసా మిత్రులు

"ఐదుగురు ఎంపీలు. ఒక్కరి ప్రాణం పోయినా లోకంలో మనకు మిగిలిన ఒక్క స్నేహితుడూ దూరమవుతాడు. అర్థమైందా, ట్వంటీ సెవెన్?"

బ్రీఫింగ్‌లో చీఫ్ అన్న మాటలివి. అణుపరీక్షల తర్వాత పెద్ద దేశాలు మనకు ముఖం చాటేసిన 1998వ సంవత్సరం. అలాంటప్పుడు మెరీసా అనే చిన్న ద్వీపదేశం, 'మేం మీ పక్షం' అని చాటడానికి తన పార్లమెంటు సభ్యులను పంపింది. కుప్పం దగ్గరి పల్లెలో వారికి సన్మానం, గుర్తుగా ఒక పుంగనూరు ఆవు. వారిని చంపి, ఆ పాపం మన నెత్తిన రుద్దాలని 'బ్లాక్ కోరల్' అనే విదేశీ ముఠా కాచుకుని ఉంది.

ఏజెంట్ ట్వంటీ సెవెన్, అంటే అరుణ్ కుమార్, శుక్రవారం ఉదయం మదనపల్లె టమాటా మండీలో హమాలీ వేషంలో ఆ ముఠా బాంబు నిపుణుణ్ణి పట్టుకున్నాడు. వాడు బెదరలేదు. తాపీగా వాచీ చూసుకున్నాడు.

"లేటయ్యావు. బాంబు వేదిక కింద ఉంది. సరిగ్గా పదకొండుకి. ఆవు పలుపు వాళ్ళ చేతికిచ్చే వేళకి."

అప్పుడు టైము తొమ్మిదీ నలభై. కుప్పం వంద కిలోమీటర్ల పైమాటే. కబురు దారిలోనే పంపొచ్చని వాణ్ణి పోలీసులకు అప్పగించి జీపెక్కి, ఊరు దాటాక జేబులోని వైర్‌లెస్ పెన్ను నొక్కాడు. చప్పుడు లేదు. విప్పి చూస్తే బ్యాటరీ లేదు.

ఆ పెన్ను ముట్టుకున్న మనిషి ఒక్కతే. ఎంపీల ఇంటర్‌ప్రెటర్‌గా డిపార్ట్‌మెంటే నియమించిన మాధవీలత. నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ, "ఎంత ముద్దుగా ఉందో!" అంటూ చేతిలోకి తీసుకుంది. ఆ నవ్వుకు మోసపోయానని ఒప్పుకోవడానికి అరుణ్‌కి పుంగనూరు దాకా పట్టింది.

పదిన్నర. ఇంకా ఎనభై కిలోమీటర్లు. దారిలోని అవుట్‌పోస్టులో సెంట్రీ ఒక్కడే ఉన్నాడు, వైర్‌లెస్ సెట్టు కూడా కుప్పం బందోబస్తుకే పోయింది. అరుణ్ ఎస్టీడీ బూత్‌లోకి ఉరికాడు.

"కుప్పం సభ దగ్గర పెట్టిన కంట్రోల్ రూమ్ అమ్మా, అర్జెంట్!"

"లైను దొరికితే గదప్పా ఇచ్చేది! కూసో," అంది బూత్ రమణమ్మ.

పదీ యాభై రెండుకి లైను దొరికింది. అవతల తియ్యటి గొంతు.

"అరుణ్? ఎండ ఎక్కువగా ఉంది. నిదానంగా రా."

మాధవీలత! ఫోన్ పెట్టేసింది. తర్వాత ఏ నంబరు తిప్పినా ఎంగేజ్.

ఈపాటికి వేదిక మీద ఐదుగురు, వేదిక ముందు ఊరు ఊరంతా చేరి ఉంటారు. బెల్టులో కెమెరా, బూటులో కత్తి, వేలికి విషపు ఉంగరం, ఒక్కటీ పనికిరాలేదు. ఇంత శిక్షణ పొంది ఈ చెక్కబల్ల మీద కూర్చోవడానికా అనుకుంటే అరుణ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. పదకొండైంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

పదకొండూ తొమ్మిదికి మళ్ళీ లైను కలిసింది. ఈసారి కానిస్టేబుల్ పాపన్న ఎత్తాడు.

"సార్, స్టేజీ తునాతునకలై పోయింది సార్!"

"ఎంతమంది పోయారు?" అని అడిగాడు అరుణ్.

"ఎవురూ లేదు సార్. జనమంతా గురప్పోళ్ళ ఇంటికాడ ఉండారు గదా."

"అక్కడెందుకు?"

"ఆవు వాళ్ళదే గద సార్. ఇయ్యాల శుక్రవారమని గురప్ప పెండ్లాం ఇందిరమ్మ దాన్ని గడప దాటనీలేదు. శుక్రవారం పూట లక్ష్మిని యాడన్నా పంపిస్తారా? ఎమ్మార్వో బతిమలాడినా యినలేదు. 'మన పక్కన నిలబడేదానికి సముద్రాలు దాటొచ్చినోళ్ళు నా వాకిలి దాకా రాలేరా? ఈడికే వచ్చి సూసుకొమ్మను, తోలుకుపోయేది రేపు' అనింది. ఎమ్మార్వో ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆ దేశపు పెద్దామె నవ్వి ముందు నడిసింది. ఊరంతా ఎనకాలే పోయింది."

"ఇంటర్‌ప్రెటర్?"

"స్టేజీ కాడికి రండని ఆయమ్మొక్కతే మొత్తుకునింది సార్. పేలినాక తెలిసింది, యాల మొత్తుకునిందో. దూడల కొట్టంలో ఏసి గొళ్ళెం పెట్టినాం."

అరుణ్ ఫోన్ పెట్టేశాడు. రమణమ్మ అడక్కుండానే నీళ్ళిచ్చింది.

రిపోర్టులో 'కుట్ర ఎలా భగ్నమైంది?' అన్నచోట అతను, 'శుక్రవారం కావడం వల్ల' అని రాశాడు. చీఫ్ దాన్ని కొట్టేసి, 'పటిష్ఠమైన ముందస్తు నిఘా వల్ల' అని దిద్దాడు. అరుణ్‌కి మెడల్ వచ్చింది. ఇందిరమ్మకు మాత్రం ఆవును వేళకు వేదిక దగ్గరికి తోలుకురానందుకు సంజాయిషీ ఇమ్మని మండలాఫీసు నుంచి నోటీసు వచ్చింది.