నల్లగుడ్డ వెనక చేతులు

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన పట్టుకుంది. కొవ్వొత్తుల కొట్టు మేడమీద గదిలో చిట్టీ, ఆమె వదినా, ఫోటోలు తీసే కుర్రాడూ ముగ్గురూ నేలమీద బాసింపట్లు వేసుక్కూర్చుని మర్నాటి షూట్ ఎలా చెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించేశారు. అందుకని పట్టపగలే ఆ గదిలో సాయంత్రమైపోయింది. మూలనున్న పొయ్యిమీద రెండు గిన్నెల్లో మైనం కరుగుతోంది. మల్లెనూనె వాసనా, తడిగోడల వాసనా కలిసి, మూసిన బీరువా తలుపు తీసినట్టుగా ఉంది.

ఆ కొట్టులో మొదటి కొవ్వొత్తి పోసింది చిట్టి. అద్దె సంగతి వాళ్ళన్న చూసుకుంటాడు, పని మాత్రం అంతా ఆమెదే. వత్తులు కట్టడం, అచ్చులు నింపడం, వాసనలు కలపడం. అందుకు గుర్తుగా ఆమె చేతులనిండా కాలిన మచ్చలున్నాయి, కొన్ని గోధుమరంగులో, కొన్ని గులాబీరంగులో. వదిన నిన్నగాక మొన్న ఆ ఇంటికొచ్చింది. ఒకరోజు సరదాగా వదిన చేతిలో కొవ్వొత్తి పెట్టి ఫోటో తీశారు. అంతే. కొట్టు పేజీలో ఆ ఫోటో కింద జనం విరగబడ్డారు. కొవ్వొత్తి గురించి ఒక్కరూ అడగలేదు. ఆ చేతులెవరివండీ, ఆ చేతులెవరివండీ అని ఒకటే గొడవ.

ఆ మాటలన్నీ చిట్టి దుప్పట్లో దూరి చదువుకునేది. చదివినకొద్దీ గుండెలో సన్నగా సెగ.

ఫోటోలు తీసేవాడు వాళ్ళన్నకి స్నేహితుడు. మాట్లాడేటప్పుడు జుట్టు నుదుటిమీద పడుతుంది, దాన్ని ఊదుకుంటాడు. అతను మెత్తటి గుడ్డతో కెమెరా అద్దం తుడుస్తుంటే ఆ గుడ్డముక్కగానైనా పుట్టకపోతినే అనుకునేది చిట్టి. అతనికి మాత్రం చిట్టి అంటే స్నేహితుడి చెల్లెలు. అంతకుమించి ఏమీ లేదు.

"ఆఖరి షాట్ ఇదీ," అన్నాడతను. "అంతా చీకటి. ఆ చీకట్లోంచి రెండు చేతులు బయటికొస్తాయి. మనిషి కనపడకూడదు. పైనుంచి మైనం పోస్తే వేళ్ళమీంచి జారుతూ జారుతూ గడ్డకట్టాలి. చూసినవాళ్ళకి ఊపిరాగిపోవాలి."

"కాలిందంటే ముందు నాకాగుతుంది తమ్ముడూ," అంది వదిన.

"కాలదక్కా. చేతులమీద పోసేది మెత్తమైనం, తక్కువ వేడికే కరుగుతుంది. అదైనా చిట్టి తన మణికట్టు మీద ఓ చుక్క వేసుకుని చూశాకే నీమీద పోస్తుంది. ఏం చిట్టీ?"

"ఊఁ," అంది చిట్టి.

పసిపిల్లకి పట్టే పాల వేడి చూసినట్టు, పోసేవాళ్ళు ముందు తమ ఒంటిమీద వేసుకుని చూడాలి. ఆ కొట్టులో అది చిట్టి పెట్టిన పద్ధతే.

"నీ చేతులకి కాపలా పెట్టించాలక్కా," అన్నాడతను వదిన వేళ్ళు చూస్తూ. "దేవుడు తీరిగ్గా కూర్చుని చేసినట్టున్నాడు."

"నీ స్నేహితుణ్ణి అడుగు. అంట్లు తోమేటప్పుడు ఆ దేవుడే గుర్తురాడు ఆయనకి."

ఇద్దరూ పకపకా నవ్వారు. చిట్టి కూడా నవ్వి, తన చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

గది మధ్య పైనుంచి కిందిదాకా నల్లగుడ్డ వేలాడదీశారు. దానికి రెండు చీలికలు. వెనక ఒక స్టూలు. మనిషి స్టూలుమీద కూర్చుని చీలికల్లోంచి చేతులు ఇవతలికి పెట్టాలి. మెట్లదారి తలుపు ఆ వెనకవైపే ఉంది. అతను లైటుకి వేరే బల్బు తేవడానికి గొడుగేసుకుని వెళ్ళాడు. వదిన ఉంగరం తీసి చిట్టి చేతిలో పెట్టింది.

"కిందికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేస్తా. వస్తూనే కూర్చుంటాను, ఒకసారి పోసి చూద్దాం. మెల్లగా పొయ్యవే తల్లీ, నీ పుణ్యముంటుంది."

మెట్లమీద అడుగులు దిగిపోయాయి. వాన చప్పుడొక్కటే మిగిలింది.

చిట్టి పొయ్యి దగ్గర నిలబడింది. చిన్నగిన్నెలో మెత్తమైనం. పెద్దగిన్నెలో గట్టిమైనం, సన్నగా పొగలు కక్కుతోంది. కొంచెం బొబ్బెక్కితే చాలు అనుకుంది. ప్రాణమేమన్నా పోతుందా? రేపొక్కరోజు ఆ చేతులు కెమెరా ముందుకి రాకపోతే చాలు. గిన్నెలు మారిపోయాయి వదినా, చూసుకోలేదు అంటే సరిపోతుంది.

చెంబు తీసుకుని పెద్దగిన్నెలో ముంచింది. మణికట్టు మీద చుక్క వేసుకోలేదు.

గుడ్డ వెనకాల స్టూలు కిర్రుమంది.

"వచ్చేశావా వదినా?"

నల్లగుడ్డ కొంచెం కదిలింది. చీలికల్లోంచి ముందు వేళ్ళు, తర్వాత అరచేతులు, మోచేతులదాకా బయటికొచ్చాయి. తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. ఆ చీకట్లో తామే వెలుగుతున్నట్టున్నాయి.

"అందరూ నీ చేతులే అంటారు," అంది మెల్లగా. అనాలనుకోలేదు, నోరు జారిపోయింది. "నేనెవరో ఎవరికీ తెలీదు. అతనికీ తెలీదు."

వేళ్ళు ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి... విన్నట్టుగా.

చిట్టి చెంబు వంచింది.

మైనం పడింది. ఆవిరి లేచింది. కేక కోసం చిట్టి పళ్ళు బిగించి ఎదురుచూసింది.

కేక రాలేదు.

వేళ్ళు వణకలేదు. చర్మం ఎర్రబడలేదు. మైనం జారుతోంది... జారుతోంది... ఎక్కడా గడ్డకట్టడం లేదు. వానలో నేల నీళ్ళు తాగినట్టు ఆ చేతులు దాన్ని తాగేస్తున్నాయి.

"వదినా..."

గుడ్డ వెనకనుంచి గుసగుస వచ్చింది. "ఇంకా వేడిది లేదా?"

అదే సమయానికి కిందినుంచి తలుపు బాదుతున్న చప్పుడు.

"చిట్టీ! ఒసేయ్ చిట్టీ! బాత్రూం గడియ పడిపోయిందే! లాగుతుంటే రావట్లేదు, వచ్చి తియ్యవే!"

వదిన గొంతు. కిందినుంచి.

చేతులింకా అక్కడే ఉన్నాయి. వేళ్ళు మెల్లగా వెల్లకిలా తిరిగాయి. ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు అరచేతులు విచ్చుకున్నాయి. అరచేతుల్లో గీతలు లేవు.

చిట్టి చెంబు వదిలేసింది. గుడ్డని ఒక్క గుంజు గుంజింది. స్టూలు ఖాళీ. నేల పొడిగా ఉంది. అంత మైనం పోస్తే కింద ఒక్క బొట్టు లేదు.

ఎలా మెట్లు దిగిందో ఆమెకే తెలీదు. బాత్రూం గడియ బయటినుంచి పడి ఉంది. తీస్తే వదిన చెమటలు కారుతూ నిలబడి ఉంది. ఒక బొటనవేలు వాచిపోయి, గోరు నీలంగా మారింది.

"తలుపుసందులో పడిందే. నేనిటు లాగుతుంటే అటునుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది. నువ్వు గానీ ఆటలాడావా ఏంటి?"

చిట్టి తల అడ్డంగా ఊపింది. జరిగింది చెప్పాలంటే పెద్దగిన్నె సంగతీ చెప్పాలి.

మర్నాడు అతను ఆ వేలు చూసి తల పట్టుకున్నాడు. "ఇప్పుడెలా అక్కా?"

"ఎలా ఏంటి? మా చిట్టి చేతులు లేవూ?" అంది వదిన.

"మచ్చలు..."

"ఆ మచ్చల వల్లే కదయ్యా ఈ కొట్టు నిలబడింది! కనపడనీ. సిగ్గెందుకు?" వదిన ఆమెని దగ్గరికి లాక్కుంది. "నేను పోస్తాలే. నా మణికట్టు మీద చూసుకునే పోస్తా. భయపడకు."

ఆ మాటకి చిట్టికి ఏడుపొచ్చింది. ఆ గుడ్డ వెనక కూర్చోనని చెప్పేద్దామనుకుంది. కానీ అతను మొదటిసారి ఆమె చేతులవైపు చూస్తున్నాడు. జుట్టు ఊదుకుని, "సరే, ప్రయత్నిద్దాం చిట్టీ," అన్నాడు. ఆ ఒక్కమాటకి ఆమె కాళ్ళు వాటంతటవే నడిచి స్టూలు దాకా తీసుకెళ్ళాయి.

గుడ్డ వెనక చీకటి. మల్లెనూనె వాసన. అవతల లైటు వెలిగించారు. రెండు చీలికల్లోంచి రెండు వెలుగుచారలు వచ్చి ఆమె మోకాళ్ళమీద పడ్డాయి. చిట్టి చేతులెత్తి, వేళ్ళ చివర్లు చీలికల్లో పెట్టింది. చల్లటి గాలి తగిలింది... ఎవరో వేళ్ళమీద ఊదినట్టు. ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా నొక్కుకుంది.

ఒక్క నిమిషం ఆగండి అందామని నోరు తెరిచింది.

"అబ్బ..." అన్నాడతను అవతల్నుంచి. "చిట్టీ! అలాగే ఉంచు. కదలకు."

చిట్టి ఒళ్ళోకి చూసుకుంది. తన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"మచ్చలేవే?" వదిన ఆశ్చర్యపోతోంది. "ఏం రాశావే? ఇంత బాగుంటాయా నీ చేతులు! పోస్తున్నా... వేడిగా ఉందా?"

"ఎంత బాగున్నాయో," అన్నాడతను. అతని గొంతు మారింది. ఏ గొంతు కోసం ఆమె ఇన్నాళ్ళూ కలలు కందో ఆ గొంతే. "ఇలాంటి చేతులు నేనెక్కడా చూళ్ళేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు చిట్టీ?"

అరవాలి. లేచి పరుగెత్తాలి. కానీ అరిస్తే... ఆ చేతులు తనవి కావని అతనికి తెలిసిపోతుంది. మళ్ళీ ఇంకెవరి చేతులో. మళ్ళీ తను కాదు. చిట్టి నోరు మూసుకుంది.

అవతల అడుగుల చప్పుడు. అతను దగ్గరికి వస్తున్నాడు.

"కొంచెం పక్కకి తిప్పుతా, ఉండు... అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయి!" నవ్వాడు. "నన్నెందుకు పట్టుకుంటావు? కొవ్వొత్తి పట్టుకోవాలి."

చిట్టి చీలికలవైపు చూసింది. వాటిలో ఏమీ లేదు. వెలుగుచారలు రెండూ ఆమె మోకాళ్ళమీద అలాగే పడుతున్నాయి, ఏ అడ్డూ లేకుండా.

"చిట్టీ, వదులు," అన్నాడతను.

ఇప్పుడతను నవ్వడం లేదు.

"వదులు చిట్టీ..."